మా చేలో పిట్ట, యుద్ధంలో మాట

సార్వా కోతలయ్యాక, ఇంకా తడి ఆరని పల్లపు చేలో నడుస్తుంటే కాళ్ళ దగ్గర నుంచే చటుక్కున లేచే పిట్ట ఒకటుంది. లేచేదాకా అది అక్కడుందని తెలియదు. ఒంటి మీద గోధుమ రంగు, నలుపు, వీపు మీద ఎండు గడ్డిపోచ రంగులో నిలువు చారలు. వరి మోళ్ళ మధ్య కదలకుండా కూచుంటే రెండడుగుల దూరంలో ఉన్నా కంటికి ఆనదు. లేచేటప్పుడు బొంగురు గొంతుతో ఒక్క అరుపు అరిచి, కుడికీ ఎడమకీ మెలికలు తిరుగుతూ పోయి, ఎక్కడో దూరాన మళ్ళీ బురదలో దిగిపోతుంది. బరువు వంద గ్రాముల చిల్లర. ఒక్కసారి చూస్తే మరిచిపోలేనిది దాని ముక్కు. తలకి రెండింతల పొడుగు, నిటారుగా.

కొల్లేటి పక్కన మా ఊళ్ళో దీన్ని ముక్కు పురేడి అనేవాళ్ళు. ఇంగ్లీషులో దీని పేరు స్నైప్.

పిట్టను నాకు చూపించింది మా తాతయ్య. ఆ ఇంగ్లీషు పేరు వెనక ఏముందో తెలిసింది మాత్రం పేపరు ఆఫీసులో. మధ్యలో చాలా ఏళ్ళు గడిచాయి.

తాతయ్య అంటే మా అమ్మ వాళ్ళ నాన్న. కైకలూరు దగ్గర పల్లెటూరు. సంక్రాంతి సెలవులకి వెళ్తే పొద్దున్నే నన్ను చేలోకి తీసుకెళ్ళేవాడు. అప్పటికి దాళ్వా ఆకుమళ్ళు పోసి ఉండేవి. ఒకపక్క లేత ఆకుపచ్చ నారు, ఇంకోపక్క మోళ్ళు, మధ్యలో మురుగు నిలిచిన పల్లాలు, తుంగ. ఆయన గట్టు మీద ముందు నడిచేవాడు, నేను వెనక. ఉన్నట్టుండి చెయ్యెత్తి ఆపేవాడు. "అదిగో, ఆ తుంగదుబ్బు పక్కన. చూశావా?" నాకేమీ కనిపించేది కాదు. మళ్ళీ వేలు పెట్టి చూపించేవాడు. అప్పుడు కూడా ముందు కనిపించేది కన్ను. తల మీద బాగా వెనక్కి, పైకి ఉండే నల్లటి పెద్ద కన్ను. ఆ కన్ను దొరికాక మిగతా పిట్ట నెమ్మదిగా బురదలోంచి విడివడి కనిపించేది.

ఆయనకి అంత చూపు ఎలా వచ్చిందో అమ్మమ్మ చెప్పేది. చిన్నప్పుడు దొరల వెంట తిరిగాడట.

1930ల ముందూ వెనకా క్రిస్మస్ సెలవుల్లో బందరు నుంచి, ఏలూరు నుంచి దొరలు కొల్లేటి పల్లాలకి వేటకి వచ్చేవాళ్ళట. బాతుల కోసం పడవల్లో సరస్సులోకి పోయేవాళ్ళు కొందరు. మడమలు దిగే బురదలో కాలినడకన స్నైప్ కోసం తిరిగేవాళ్ళు కొందరు. తాతయ్య లెక్కలో అసలు వేటగాళ్ళు ఈ రెండోవాళ్ళే. ఊళ్ళో కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి చేలో నడిపించేవాళ్ళట. ఒక్కోసారి పొడుగాటి తాడు ఇద్దరు చెరో కొసా పట్టుకుని మోళ్ళ మీదుగా ఈడ్చుకుంటూ పోయేవాళ్ళట. తాడు తగిలి పిట్టలు లేచేవి. పడిన పిట్టని వెతికి తేవడం కూడా కుర్రాళ్ళ పనే. గురి చూసి కొట్టడం కన్నా అదే కష్టమనేవాడు తాతయ్య. చచ్చిన పిట్ట కూడా బురదలో బురదే. ఎక్కడ పడిందో చూపు తిప్పకుండా గుర్తు పెట్టుకోవాలి. అందులో తాతయ్యకి మంచి పేరు. రోజుకి బేడ, అంటే రెండణాలు, ఇచ్చేవాళ్ళట.

ఆయన ఆ పిట్టని రెండు పేర్లతో పిలిచేవాడు. ఊరి మాటల్లో ఉన్నప్పుడు ముక్కు పురేడి. దొరల వేట చెబుతున్నప్పుడు "స్నేపు". ఆ కథల్లోకి వెళ్ళగానే ఆయన నోట్లో పేరు దానంతటదే మారిపోయేది. లెక్క కూడా దొరల లెక్కే. స్నైపుల్ని ఒకటీ రెండూ అని లెక్కపెట్టరు, జతల్లో లెక్కపెడతారు. మూడు పిట్టలు కొడితే జతన్నర. "ఆ పూట పన్నెండు జతలన్నర కొట్టాడురా" అని ఒక దొర గురించి చెప్పేవాడు. ఆ అర జత దగ్గర ఆయన గొంతులో గౌరవం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

వేట కిటుకులన్నీ చెప్పేవాడు. గాలి ఎటు వీస్తుంటే అటే, గాలికి వీపు పెట్టి నడవాలట. పిట్ట గాలికి ఎదురు లేస్తుంది కాబట్టి మనిషి వైపుకే లేచి ఒక్క క్షణం తటపటాయిస్తుంది, ఆ క్షణమే అదను. ఆ అదను తప్పితే మొదటి మెలికలు అయిపోయేదాకా ఆగాలి, తర్వాత తిన్నగా పోతుంది, అప్పుడు కొట్టాలి. మధ్యలో కాల్చినవాడికి గాలే దొరుకుతుంది. ఇదంతా చెప్పి, "అంత చిన్న పిట్ట, అంత పెద్ద మనిషి చేత తుపాకీ దించేయించేదిరా" అనేవాడు. తాతయ్యకి దొరల మీద గౌరవం ఉండేది, కానీ మనసు పిట్ట వైపే ఉండేది. తప్పించుకున్న పిట్టల గురించే ఎక్కువ చెప్పేవాడు.

ఇక పేపరు ఆఫీసు సంగతి. 1993 మే నెల. విజయవాడలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా ఉన్నాను, నైట్ డ్యూటీ. విదేశీ వార్తల కట్ట నా బల్ల మీదే ఉండేది. అప్పటికి ఏడాదికి పైగా బోస్నియాలో సరయేవో నగరం ముట్టడిలో ఉంది. చుట్టూ కొండలు, ఎత్తయిన భవనాలు. వాటిలోంచి తుపాకులు పెట్టి వీధి దాటుతున్న మనుషుల్ని ఒక్కొక్కర్నీ కాల్చేవాళ్ళు. ఊరి మధ్య ఉన్న పెద్ద రోడ్డుకి స్నైపర్ ఆలీ అనే పేరు పడిపోయింది. నీళ్ళ కోసం, రొట్టె కోసం జనం ఆ రోడ్డు పరిగెత్తి దాటేవాళ్ళు.

ఆ నెలలో ఒక వార్త వచ్చింది. ఒక యువ జంట. అతను సెర్బు, ఆమె బోస్నియా ముస్లిం. హైస్కూలు రోజుల నుంచీ ప్రేమించుకున్నవాళ్ళు. ఊరు విడిచి పోదామని ఒక వంతెన దాటుతుండగా ఇద్దర్నీ కాల్చేశారు. ముందు అతను పడిపోయాడు. గాయపడిన ఆమె పాకుతూ అతని దగ్గరికి వెళ్ళి, అతని మీద చెయ్యి వేసి చనిపోయింది. ఆ వంతెన రెండు సైన్యాల మధ్య ఉంది, అందువల్ల రోజుల తరబడి ఎవరూ శవాల దగ్గరికి పోలేకపోయారు. ఆ కాపీ చదివి కాసేపు కలం ముట్టుకోలేదు నేను.

రాయడం మొదలుపెట్టాక స్నైపర్ దగ్గర ఆగాను. అప్పట్లో ఆ మాటని మేం రకరకాలుగా రాసేవాళ్ళం. ఒకరు "గురి చూసి కాల్చేవాడు" అని రాస్తే ఇంకొకరు "చాటు నుంచి కాల్పులు" అని రాసేవారు. నేను మొదటిది రాసి ఇచ్చాను. మా చీఫ్ సబ్ గారు చదివి నన్ను పిలిచారు. "గురి చూసి కాల్చడం పోలీసు కూడా చేస్తాడండీ. ఇక్కడ చంపినవాడు కనబడడు. చచ్చిపోయేవాడికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఆ మాట రావాలి" అన్నారు. చివరికి "మాటు వేసి కాల్చిన సాయుధుడు" అని వెళ్ళింది ఆ రాత్రి. కొన్నేళ్ళకి, కార్గిల్ నాటికల్లా, స్నైపర్ అని తెలుగు అక్షరాల్లోనే రాసేసేవాళ్ళం. పాఠకులకీ అలవాటైపోయింది.

ఎడిషన్ వదిలాక ఆయన డెస్క్ మీదున్న పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ తెచ్చి నా ముందు పెట్టారు. కొత్తవాళ్ళకి ఆయన నేర్పే పద్ధతి అదే, మాట దగ్గర ఆగితే దాని పుట్టుక చూడమనేవారు. స్నైపర్ అనే మాటకి కాస్త పైనే స్నైప్ ఉంది. పొడుగు ముక్కు గల, బురద నేలల్లో తిరిగే వేట పిట్ట అని. దాని కింద అదే మాట క్రియగా. ఆ పిట్టల్ని వేటాడటం, తర్వాత చాటు నుంచి శత్రువుని కాల్చడం. ఆ క్రియ మొదట కనిపించేది 1770లలో, మన దేశంలో ఉన్న బ్రిటిష్ సైనికుల మాటల్లో.

తాతయ్య "స్నేపు" ఇదేనని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి డెస్క్‌లో అందరూ టీకి వెళ్ళిపోయినా నేను ఆ పేజీ దగ్గరే కూచున్నాను. సరయేవో వంతెన మీద ఆ ఇద్దర్ని చంపినవాడికి మా చేలో పిట్ట పేరు ఎలా వచ్చింది?

తర్వాత ఏళ్ళ తరబడి దీని వెంట పడ్డాను. దొరికిందంతా కలిపితే కథ ఇలా ఉంది.

ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కర్నల్ ఫోర్డ్ బందరు కోటని ఫ్రెంచివాళ్ళ దగ్గర నుంచి పట్టుకున్నది 1759లో. 1766లో నిజాంతో ఒప్పందం జరిగి ఉత్తర సర్కారులు, అంటే మా కోస్తా జిల్లాలు, కంపెనీ చేతికి వచ్చాయి. అంటే స్నైప్ అనే క్రియ పుట్టిన కాలానికి మద్రాసు, కలకత్తా వైపులతో పాటు మా తీరంలో కూడా కంపెనీ పటాలాలు ఉన్నాయి. యుద్ధం లేని రోజుల్లో ఆఫీసర్లకి కాలక్షేపం వేట. చలికాలంలో వరి పొలాల నిండా స్నైపులు. ఇంగ్లండులో ఊళ్ళకి రాసే ఉత్తరాల్లో "స్నైపింగ్‌కి వెళ్ళాం" అనే మాట వచ్చిందంటే మొదట్లో దానర్థం అదే, పిట్టల వేటకి వెళ్ళామని.

అప్పటి తుపాకీ ఎలాంటిదో తెలిస్తే ఆ మాటకి అంత విలువ ఎందుకొచ్చిందో తెలుస్తుంది. అది చెకుముకి తుపాకీ. మీట నొక్కితే రాయి ఉక్కుకి కొట్టుకుంటుంది, రవ్వలు పుట్టి పక్కనున్న చిన్న పళ్ళెంలో మందు అంటుకుంటుంది, ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి పోయి అసలు మందుని అంటిస్తుంది, అప్పుడు గుళ్ళు బయటికి వస్తాయి. నొక్కడానికీ పేలడానికీ మధ్య కాస్త ఎడం ఉంటుంది. మనిషికి అది లెక్కలోకి రాదు. స్నైప్‌కి ఆ ఎడం చాలు, ఈలోగా ఇంకో పక్కకి తిరిగిపోతుంది. అలాంటి తుపాకీతో ఎగిరే స్నైప్‌ని కొట్టినవాడంటే సైన్యంలో వాడి చేతికి తిరుగులేదన్నమాట. పైగా ఈ వేటలో పిట్టల్ని లేపడానికి కుర్రాళ్ళున్నా, గుంపుగా కాల్చడం ఉండదు. తుపాకీ పట్టినవాడు ఒక్కడే, ఒక్కో పిట్టనీ విడిగా చూసుకుని కొట్టేది.

యుద్ధంలో అప్పటి పద్ధతి దీనికి పూర్తి వ్యతిరేకం. బారులు తీరి నిలబడి, హుకుం రాగానే అందరూ ఒకేసారి కాల్చడం. ఎవడి గుండు ఎవడికి తగిలిందో తెలియదు. అలాంటి చోట ఒకడు విడిగా మాటున ఉండి, ఎదుటి పక్షంలో ఒక్క మనిషిని ఎంచుకుని కాలుస్తుంటే, చూసేవాళ్ళకి స్నైప్ వేట గుర్తుకొచ్చింది. ఆ పనికి ఆ పేరే అతుక్కుంది. క్రియ ముందు వచ్చింది. ఆ పని చేసే మనిషికి స్నైపర్ అనే పేరు అచ్చులో కనిపించేది 1820ల్లో.

ఇందులో నన్ను ఇప్పటికీ కదిలించేది ఒకటుంది. ఆ పిట్ట ఎవరినీ వేటాడలేదు. దాగి ఉండటం దాని బతుకు, తుపాకీ ముందు నుంచి మెలికలు తిరుగుతూ తప్పించుకోవడం దాని విద్య. దాక్కునేది అది, చచ్చిపోయేదీ అదే. సరయేవోలో వంగి, అటూ ఇటూ పరిగెత్తి రోడ్డు దాటిన జనమే ఆ పిట్టలాంటివాళ్ళు. పేరు మాత్రం వాళ్ళని కాల్చినవాడికి పోయింది. తాతయ్య అప్పటికి లేడు. ఉంటే ఈ సంగతి చెప్పడానికే కైకలూరు వెళ్ళి ఉండేవాణ్ణి.

ఆ తర్వాత కూడా చాలాకాలం ఈ మాట మన దేశపు సరిహద్దుల్లోనే ఎక్కువగా తిరిగింది. 1897-98లో వాయవ్య సరిహద్దులో తీరా అనే కొండ ప్రాంతం మీద బ్రిటిష్ దండయాత్ర జరిగినప్పుడు, రాత్రిళ్ళు కొండల మీద నుంచి అఫ్రీదీ తెగ పఠాన్లు బ్రిటిష్ గుడారాల్లోకి తూటాలు కొట్టేవాళ్ళు. దీపం వెలిగిస్తే చాలు తూటా వచ్చేది. అప్పటి రాతల్లో దాన్ని స్నైపింగ్ అనే రాశారు. దొరలు పిట్టల మీద ప్రయోగించిన మాట ఈసారి దొరల మీదే అమలైంది. ప్రపంచమంతటికీ తెలిసింది మాత్రం 1914 తర్వాతే, ఫ్రాన్సులో కందకాల యుద్ధంతో. కందకం పైన తల పెడితే జర్మన్ స్నైపర్ కాల్చేసేవాడు. దానికి జవాబుగా హెస్కెత్ ప్రిచర్డ్ అనే వేటగాడు 1916లో స్నైపింగ్ బడి పెట్టాడు. స్కాట్లండు కొండల్లో జింకల వేటకి దారి చూపే పనివాళ్ళతో తయారైన లోవాట్ స్కౌట్స్ ఆ పనిలో పేరు తెచ్చుకున్నారు. ఒంటికి గడ్డీ గోనెపీచూ కట్టుకుని నేలలో కలిసిపోయే ఘిల్లీ సూట్ వాళ్ళదే. అంటే చివరికి స్నైపర్ కూడా స్నైప్ వేషమే వేశాడు.

గురి తప్పకుండా కాల్చేవాడికి షార్ప్‌షూటర్ అనే మాట విడిగా ఉంది, అది జర్మన్ మాటని చూసి చేసుకున్నది. షార్ప్స్ కంపెనీ రైఫిల్ వల్ల వచ్చిందని కొందరంటారు, కానీ ఆ రైఫిల్ పుట్టకముందే ఆ మాట ఉంది.

పిట్ట పేరు అసలు ఎక్కడిదంటే, ఇంకా వెనక్కి పోవాలి. పాత ఇంగ్లీషులో దీన్ని స్నైట్ లాంటి మాటతో పిలిచేవాళ్ళు. స్నైప్ అన్నది ఉత్తరాది నావికుల పాత నార్స్ భాష నుంచి వచ్చింది. ఆ భాషలో 'మిరిస్నీపా' అంటే బురదనేల స్నైప్. డచ్చివాళ్ళు స్నిప్ అంటారు, జర్మన్లు ష్నెప్ఫె అంటారు. ఈ మాటలన్నిటి వెనకా ముక్కుతో టుక్కున పట్టడం అనే భావం ఉండొచ్చని భాషావేత్తల ఊహ. అదే నిజమైతే ఉత్తర సముద్రం ఒడ్డున పడవలు నడిపినవాళ్ళూ, కొల్లేటి ఒడ్డున నాట్లు వేసినవాళ్ళూ ఈ పిట్టకి పేరు పెట్టేటప్పుడు చూసింది ఒక్కటే. ముక్కు. ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

ఇంగ్లీషులో ఈ పేరుకి మర్యాద తక్కువే. షేక్‌స్పియర్ ఒథెల్లో నాటకంలో ఇయాగో రోడెరిగోని స్నైప్ అంటాడు, తన సరదా కోసమూ లాభం కోసమూ తప్ప ఇలాంటివాడితో కాలం గడపనంటాడు. అక్కడ స్నైప్ అంటే తెలివితక్కువవాడు. పందొమ్మిదో శతాబ్దంలో మురికివాడల పిల్లల్ని గట్టర్‌స్నైప్ అన్నారు, మురికిలో ఏరుకుని తినేవాళ్ళని. ఆ తిట్టు నాకు మింగుడుపడదు. ఆకలితో ఏరుకునే పిల్లనీ, బురదలో మేత వెతుక్కునే పిట్టనీ కలిపి ఒకేసారి చిన్నబుచ్చే మాట అది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో వచ్చిన సాప్‌విత్ స్నైప్ విమానానికి మాత్రం ఈ పేరు గౌరవంగానే పెట్టారు.

అమెరికా సంగతి మా మనవడి వల్ల తెలిసింది. మా అమ్మాయి వాళ్ళు అక్కడే ఉంటారు. వాడు స్కౌట్స్ క్యాంపు నుంచి వచ్చాక ఫోన్‌లో "తాతయ్యా, స్నైప్ అనే పిట్టే లేదు, తెలుసా" అన్నాడు. కొత్త పిల్లల చేతికి ఒక సంచీ ఇచ్చి, చీకట్లో అడవి చివర నిలబెట్టి, చప్పుడు చేస్తూ ఉంటే స్నైప్ వచ్చి సంచీలో దూరుతుందని చెబుతారట. పిల్లలు గంటల కొద్దీ నిలబడతారు, పెద్దవాళ్ళు గుడారాల్లో నవ్వుకుంటారు. స్నైప్ హంట్ అనే ఈ ఆట పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. దాంతో ఆ దేశంలో చాలామంది స్నైప్ కట్టుకథ అనే నమ్ముతూ పెరుగుతారు. నిజానికి అక్కడ విల్సన్ స్నైప్ ఉంది. లూసియానాలో ప్రింగిల్ అనే వేటగాడు ఇరవై ఏళ్ళలో 69,087 స్నైపుల్ని కొట్టి, లెక్క రాసిపెట్టుకుని, 1899లో దాని మీద పుస్తకం కూడా వేశాడు. మనవడికి ఆ అంకె చెప్పాను. కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత "ఫొటో పంపు" అన్నాడు. పంపాను.

ఈ పిట్ట సంగతి అడిగినవాళ్ళందరికీ ముందు ముక్కు గురించే చెబుతాను. కర్రపుల్లలా కనిపిస్తుంది కానీ కొస మెత్తగా, స్పర్శ తెలిసేలా ఉంటుంది. ముక్కు మొత్తం బురదలో దిగి ఉండగానే కొస ఒక్కటీ విప్పి వానపామునో పురుగునో పట్టుకోగలదు. తల దించి అలా వెతుకుతున్నప్పుడు కూడా కళ్ళు బాగా వెనక్కి ఉండటం వల్ల పైనా వెనకా ఏం జరుగుతోందో దానికి కనిపిస్తూనే ఉంటుంది. తాతయ్య చూపించిన ఆ నల్ల కన్ను అక్కడెందుకుందో అది తెలిశాకే అర్థమైంది.

మన దగ్గరికి వచ్చేవి ముఖ్యంగా రెండు రకాలు. తోక విసనకర్రలా విప్పేది ఒకటి, తోక అంచుల్లో గుండుసూదుల్లా సన్నని ఈకలున్నది ఇంకొకటి. రెండూ ఉత్తరాదిన, సైబీరియా వైపు గుడ్లు పెట్టి చలికాలానికి ఇక్కడికి దిగుతాయి. వానాకాలం చివర్లో రావడం మొదలై ఎండలు ముదిరే లోపు వెళ్ళిపోతాయి. ఏడాది పొడుగునా మన దగ్గరే ఉండే రంగుల స్నైప్ అని ఇంకో పిట్ట ఉంది, కానీ దాని కుటుంబం వేరు. దానిలో ఆడదే అందగత్తె, గుడ్లు పొదిగేది మగది.

ఇక్కడ మనకి దాని అరుపే వినిపిస్తుంది, పాట వినిపించదు. గుడ్లు పెట్టే చోట మగ పిట్ట సాయంత్రాలు ఆకాశంలోకి ఎక్కి, అక్కడి నుంచి ఏటవాలుగా కిందికి దూకుతుంది. దూకేటప్పుడు తోక అంచు ఈకలు విప్పుతుంది, గాలికి అవి అదిరి మేక అరిచినట్టు మోత వస్తుంది. ఆ మోత గొంతులోంచి వస్తుందా, ఈకల్లోంచి వస్తుందా అని చాలాకాలం వాదించుకున్నారు. స్వీడన్‌లో మీవ్స్ అనే పక్షిశాస్త్రవేత్త తోక ఈకని తీగకి కట్టి గాలిలో ఆడించి అదే మోత తెప్పించి చూపించాడు. ఆ మోత వల్లే జర్మన్లు దీన్ని ఆకాశమేక అంటారు, ఫిన్లండ్‌లోనూ అదే పేరు. తాతయ్య జీవితమంతా ఆ పిట్టని చూశాడు కానీ ఆ మోత వినలేదు. నేను ఇంటర్నెట్‌లో విన్నాను. మొదటిసారి విన్నప్పుడు కళ్ళు చెమర్చాయి.

మా ఊరి చేలు ఇప్పుడు అలా లేవు. 1980ల నుంచి పల్లపు చేలన్నీ చేపల చెరువులయ్యాయి. డబ్బు వచ్చింది, ఇళ్ళు లేచాయి. ఆ కష్టం తెలిసినవాణ్ణి కాబట్టి ఎవర్నీ తప్పు పట్టలేను. అయితే స్నైప్‌కి కావలసింది ముక్కు దిగేంత మెత్తని బురద, కాలు తడిసేంత నీరు. చేపల చెరువులో లోతు నీరు, నిలువు గట్లు. అందులో దానికి చోటు లేదు. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి, రామ్‌సర్ జాబితా అంటారు దాన్ని, వచ్చింది. 2006లో సరస్సు లోపలి చెరువులు చాలా కొట్టేశారు. ఆటపాకలో గూడబాతుల్ని చూడటానికి బస్సుల్లో జనం వస్తారు, అది మంచిదే. ముక్కు పురేడిని చూడటానికి ఎవరూ రారు. గుంపుగా ఉండదు, చెట్టెక్కి కనిపించదు. తుపాకుల భయం మాత్రం తగ్గింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని మీద వచ్చిన 1991 సవరణ తర్వాత ఈ పిట్టల వేట నేరం.

మా తమ్ముడి కొడుకు ఇంకా వరి వేస్తాడు. మొన్న డిసెంబరులో ఫోన్‌లో వీడియో పంపాడు. చేను పల్లపు మూల, ట్రాక్టరు దిగబడే చోట, మోళ్ళ మధ్య ఏదో కదులుతోంది. "పెదనాన్నా, ఇదేం పిట్ట?" అని అడిగాడు. చెప్పాను. రెండు పేర్లూ చెప్పాను, తాతయ్య సంగతీ సరయేవో సంగతీ కూడా చెప్పాను. విని, "ఆ మూల మెరక చేద్దామని ప్రొక్లెయినర్ మాట్లాడాను పెదనాన్నా, సంక్రాంతి వెళ్ళాక వస్తానన్నాడు" అన్నాడు. ఏప్రిల్ నెలాఖరు దాకా ఆగమన్నాను, అప్పటికి అవి వెళ్ళిపోతాయి. మెరక చేస్తే మళ్ళీ ఏడు వాటికి ఆ చోటు ఉండదని కూడా చెప్పాను. "అక్కడ పండేది రెండు బస్తాలు, పోతే పోనీలెండి" అన్నాడు. ప్రొక్లెయినర్ వాడికి తనే ఫోన్ చేసి వద్దని చెప్పాడట.